గుట్ట కింద కాముడు

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుల వెనక సందులో నాకో మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఫాల్స్, లైనింగులు, జాకెట్ బట్టలు అమ్ముతాను, లంగాలు కుడతాను. చీర అంచు చూసి ఏ తానులోంచి గుడ్డ కోయాలో చెప్పడమే నా పని. పొద్దంతా రంగులు చూసి చూసి ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. మా ఇల్లు బడంగ్‌పేట్ దాటాక ఒక గుట్ట కింద ఉంది. వానలప్పుడు ఆ గుట్ట మెహందీ ఆకుపచ్చగా ఉంటుంది. చలి తగ్గేసరికి గడ్డి ఎండి టస్సర్ రంగుకు దిగుతుంది. హోలీ దాటగానే నల్లబడేది. ఆ నలుపుకు సరిపోయే గుడ్డ నా షాపులోనే కాదు, దిల్‌సుఖ్‌నగర్ మొత్తం వెతికినా దొరకదు.

ఏటా ఇదే తంతు. హోలీ మర్నాడో, ఆ తర్వాతి రోజో, మధ్యాహ్నం గాలి లేచే వేళకు గుట్ట అంటుకునేది. పొగ నేరుగా మా కాలనీ మీదికి దిగేది. ఫైరింజన్ వచ్చినా రోడ్డు ఉన్నంతవరకే కదా రాగలిగేది. బండలు ఎక్కలేదు. మంట ఇళ్ల మీదికి రాకుండా వాళ్లు కాపలా కాస్తుంటే, పైన గుట్ట తనంతట తాను కాలి ఊరుకునేది. మేం కిటికీలు మూసి, తలుపుల కింద తడిబట్టలు కుక్కి, ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

తిట్టడానికి మనుషులకు కొదవేం లేదు. కొత్త గడ్డి మొలవాలని మేకలాయన అంటించాడని కొందరు. బండల మీద కూర్చుని తాగేవాళ్ల సిగరెట్టు అని కొందరు. చెత్త తెచ్చి పోసి తగలబెట్టేవాళ్లని, వైర్లు కాల్చి రాగి తీసుకునేవాళ్లని ఇంకొందరు. ఇవన్నీ అబద్ధాలు కావు. నగరం గుట్ట దాకా వచ్చాక నగరంలోని నిప్పంతా గుట్ట దాకా వస్తుంది. నేను మాత్రం ఒకరని కాదు, అందరినీ తిట్టేదాన్ని. నోటి విషయంలో నాకు పిసినారితనం లేదు.

ఆ నోటికి సరిజోడు మా అత్తమ్మ. నల్గొండ పల్లె నుంచి వచ్చిన మనిషి. మేం ఇక్కడ ప్లాటు కొని రెండు గదులు వేసుకున్న కొత్తలో చుట్టూ కంపచెట్లే. ఆ తర్వాత మా ఊళ్ల వైపు వాళ్లే ఒకరి వెనక ఒకరు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. డ్రైవర్లు, మేస్త్రీలు, చిన్న షాపుల వాళ్లు. ఎవరింట్లో పిల్ల పుట్టినా, ఎవరి బోనం కుండకు సున్నం పూయాలన్నా ఆమెను పిలవాల్సిందే. పెళ్లి చూపులకు పోయే ముందు కూడా ఆమెను ఒక మాట అడిగి పోయేవారు. కాలనీకి అధ్యక్షుడు వేరే ఉన్నాడు గానీ, ఆయన కూడా మా ఇంటి ముందు నుంచి పోతూ బండి స్లో చేసి దండం పెట్టేవాడు.

ఆమెకు అన్నిటికన్నా ముఖ్యమైంది కాముడు. ఫాల్గుణ పున్నమికి ముందు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి జాజిరి పాటలు పాడి పిడకలు, కట్టెలు, విరిగిన కుర్చీలు పోగేస్తారు. పొద్దుగూకాక వాటిని కుప్ప పేర్చి కాముణ్ణి కాలుస్తారు. తెల్లారి ప్రతి ఇంటివాళ్లూ వచ్చి ఆ కుప్పలోంచి నిప్పు తీసుకుపోయి నీళ్లు కాచుకుని స్నానం చేయాలి. కాస్త బూడిద నుదుటికి పెట్టుకోవాలి. అందుకే కాముడి మీద నీళ్లు పోయకూడదు. తనంతట తాను చల్లారాలి. ఇది మా ఊరి కట్టుబాటు, దాన్ని అత్తమ్మ మూటగట్టుకుని తెచ్చి గ్రేటర్ హైదరాబాద్‌లో నిలబెట్టింది. కుండ పెంకులో నిప్పులు పెట్టి ఇంటింటికీ తనే పంచేది. ఆ రోజు ఆమె నడక చూడాలి, ఊరంతా ఆమెదే అన్నట్టు ఉండేది.

మొదట్లో కాముణ్ణి మా వీధి చౌరస్తాలో కాల్చేవాళ్లం. తర్వాత సిమెంటు రోడ్డు పడింది. వేడికి రోడ్డు పగులుతుందన్నారు. పైన కేబుల్ వైర్లు నెట్ గుడ్డలాగా అల్లుకున్నాయి. కార్లు ఎక్కువయ్యాయి, ఎవరి కారు పక్కన మంట వేసినా గొడవే. ఖాళీ ప్లాట్లేమో ఒక్కొక్కటిగా ఇళ్లయిపోయాయి. చివరికి మిగిలిన ఖాళీ జాగా గుట్ట మొదలే. కాముడు అక్కడికి జరిగాడు. అది ఎవరూ మీటింగు పెట్టి తీసుకున్న నిర్ణయం కాదు. పిల్లలు కట్టెలు అక్కడ పడేశారు, మేం అక్కడికి పోయాం.

అత్తమ్మకు ఉబ్బసం ఉంది. గుట్ట కాలినప్పుడల్లా పిల్లికూతలు మొదలై, నాలుగైదు రోజులు గోడకు ఆనుకునే నిద్రపోయేది. కొన్నేళ్ల కిందటి హోలీ తర్వాత అంటుకున్న మంట అన్నిటికన్నా పెద్దది. పొగకు ఎదురిల్లు కనబడలేదు. అత్తమ్మ పెదాలు నీలంగా మారాయి. మా ఆయన సిటీ బస్సు డ్యూటీలో ఉన్నాడు. నేనూ ఎదురింటావిడా ఆమెను ఆటోలో వేసుకుని ఎల్బీనగర్‌లో ఒక దవాఖానకు పరుగెత్తాం. ఎదురింటావిడది కోస్తా. వాళ్లాయన ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. దారి పొడుగునా అత్తమ్మ వీపు రాస్తూ, "గట్టిగా పీల్చకండి పెద్దమ్మగారూ, మెల్లిగా, మెల్లిగా," అంటూనే ఉంది. నేను ఆటో ఆయన మీద అరుస్తూ ఉన్నాను. భయమేస్తే నాకు అరుపే వస్తుంది.

ఆక్సిజన్ పెట్టారు, ఆవిరి మిషను పెట్టారు. ఊపిరి గాడిలో పడ్డాక డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి నిర్మొహమాటంగా చెప్పింది. ఇలాంటి పొగ ఇంకోసారి పీలిస్తే ఈమె తట్టుకోలేదు, వచ్చే ఎండాకాలం నుంచి ఈమెను ఆ గుట్ట దగ్గర ఉంచకండి అంది.

మా మరిదికి నాగోల్‌లో ఫ్లాటు ఉంది. మంచివాడు, తల్లంటే ప్రాణం. "వచ్చే హోలీకి ముందే నేనొచ్చి తీస్కపోత వదినా. ఇగ ఆడనే ఉంటది," అన్నాడు. ఎండాకాలం వరకేనా అని అడిగితే, ఎండాకాలం ఆడ ఉండి వానాకాలం ఈడ ఉండనీకి ఆమేమన్న కొంగనా అన్నాడు.

అత్తమ్మ మంచం మీద నుంచి వినేసింది. ఆమె అంతకుముందు ఒకసారి అక్కడ ఉండి చూసింది. తలుపు తీస్తే ఇంకొకరి తలుపు, అది ఎప్పుడూ మూసే ఉంటుంది. లిఫ్టులో ఎక్కడానికి ఆమెకు భయం. రోజంతా టీవీ. "నన్ను గాలిల ఏలాడేస్తరా? ఆడ నన్నెవలు పిలుస్తరు?" అని అడిగింది. ఆమెకు నొప్పి ఎక్కడుందో ఆ రెండో ప్రశ్నలో ఉంది. ఎవరూ పిలవని చోట ఆమె బతకలేదు. అది నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు.

నిజం చెప్పాలంటే ఆమె నాగోల్ పోతే నాకు సుఖమే. చారులో చింతపండు ఎక్కువైందనే వాళ్లుండరు. షాపు నుంచి పొద్దుపోయి వస్తే గేటు దగ్గర నిలబడి, "ఏందే, గిప్పుడా అచ్చుడు?" అని వీధికి వినబడేట్టు అడిగే వాళ్లుండరు. కానీ ఆ ఇంట్లో నాతో సమానంగా పోట్లాడగల మనిషి ఆమె ఒక్కతే. మా ఆయన పోట్లాటకు పనికిరాడు, రెండో మాటకే సరే అంటాడు. ఆమె లేని ఇంట్లో నేనెవరితో పోట్లాడాలి?

ఆమెను దవాఖానలోనే ఉంచి, మర్నాడు నేను ఇంటికొచ్చి మిద్దె మీది మసి కడగడం మొదలుపెట్టాను. చీపురు పట్టుకుని తలెత్తి గుట్ట వైపు చూశాను. కళీల లంగా ఎలా ఉంటుందో తెలుసు కదా. నడుము దగ్గర సన్నగా, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉండే ముక్కలు కోసి కలిపి కుడతాం. గుట్ట మీది నలుపు సరిగ్గా ఆ కళీ ముక్కలా, కాకపోతే తలకిందులుగా పరిచినట్టు ఉంది. పైన శిఖరం దగ్గర వెడల్పు. కిందికి దిగేకొద్దీ సన్నం. ఇన్నేళ్లుగా అందరం పైనున్న మంటనే చూశాం. ముక్క కోసేవాళ్లు ముందు కొస చూస్తారు. నా కళ్లు కొస కోసం కిందికి దిగాయి. ఆ కొస మేం కాముణ్ణి కాల్చిన చోట ఉంది.

చీపురు పడేసి అక్కడికి పోయాను. బూడిద కుప్ప పైకి తెల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది. కట్టెతో కదిపితే లోపల ఇంకా ఎర్రటి కణికలు. గాలి ఒక్క విసురు విసిరితే అవి లేచి నా చెప్పుల పక్కనే రాలాయి. కుప్ప నుంచి గడ్డి వరకు నేల మీద నల్లటి దారి. తనంతట తాను చల్లారాలని మేం వదిలేసిన కాముడు చల్లారేలోపు గాలి వచ్చి గుట్టకు పంచి పెట్టింది. మిగతా వైపుల నుంచి వచ్చే మంటలకు వేరే కారణాలుండొచ్చు. ప్రతి హోలీకి కాలనీ మీదికి వచ్చే మంట మాత్రం మాదే.

ఈ సంగతి అత్తమ్మకు ఎలా చెప్పను? ఆమె ఊపిరి ఆపుతున్న నిప్పును ఆమే కాపాడుతోందని చెప్పాలి. చెప్పకపోతే ఆమె నాగోల్ పోతుంది. చెబితే ఆమె గుండె పగులుతుంది. కొన్నాళ్లు నాలోనే పెట్టుకున్నాను. నాలాంటి దానికి అది ఎంత కష్టమో మా వీధి వాళ్లకు తెలుసు.

ఆమె ఇంటికొచ్చాక ఒకరోజు గేటు దగ్గర కూర్చుని ఉంటే మేకలాయన మంద తోలుకుపోతున్నాడు. ఆమె ఊరుకోలేదు.

"గుట్టకు అగ్గి వెడ్తవారా? నా పానం తీస్తవా?"

అతను ఆగి చేతికర్ర మీద గడ్డం ఆనించాడు. "అవ్వా, గుట్ట కాలితె నా మేకలేం తినాలె? మసి తింటయా?"

"కొత్త గడ్డి కోసం నువ్వే వెట్టినవ్, నాకెర్కనే."

నాకు ఆగలేదు. "ఆయన కాదు అత్తా. మన కాముడే," అన్నాను.

నేను చూసింది చూసినట్టు చెప్పాను. కొస గురించి, కణికల గురించి, నల్లటి దారి గురించి. అత్తమ్మ నా వైపు చూడలేదు. "ఇన్నేండ్ల సంది కాముణ్ణి కాలుస్తున్న. నన్ను దొంగను జేస్తవా?" అంది. లేచి లోపలికి పోయింది. ఎదురింటావిడ గోడ అవతల నుంచి మెల్లిగా, "నేను కూడా అప్పుడే అనుకున్నానండీ, మంట ఆర్పకుండా వదిలేస్తారేంటా అని. మీ పద్ధతి కదా, మనమెందుకు అనడం అని ఊరుకున్నాను," అంది. మంచి మర్యాదే. ఆ మర్యాద వల్ల ఎన్ని హోలీలు పోయాయో అని ఆమె మీద కూడా కోపమొచ్చింది.

అత్తమ్మ నాతో మాట్లాడటం మానేసింది. చారులో చింతపండు గురించి కూడా ఏమీ అనలేదు. ఇంట్లో ఆ నిశ్శబ్దం నాకు పొగ కన్నా ఎక్కువ ఊపిరాడనివ్వలేదు. ఒకరోజు తెల్లవారుతుండగా చూస్తే, కర్ర పట్టుకుని, పీల్చే పంపు నడుముకు దోపుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. "నడువ్. గుట్ట సూపియ్యి," అంది.

వద్దంటే వింటుందా? మెల్లిగా ఎక్కాం. పది అడుగులకోసారి ఆగింది. ముందు కొస చూసింది, కాముడి బూడిదను కర్రతో కదిపి చూసింది. ఇంకొంచెం పైకి పోయాక ఒక బండ పక్కన కౌజు పిట్ట గూడు కనబడింది. గుడ్లు పగిలి ఉడికిపోయి ఉన్నాయి. ఆమె వంగి ఒక పెంకు చేతిలోకి తీసుకుంది. బండల సందుల్లో సీతాఫలం మోళ్లు. మేం వచ్చిన కొత్తలో ఇక్కడి సీతాఫలాలు ఒళ్లో నింపుకుని వచ్చేది ఆమె. బతుకమ్మకు తంగేడు కూడా ఇక్కడిదే. ఇప్పుడు గుట్ట కింద ఉండి కూడా తంగేడు పువ్వు బజార్లో కొంటున్నాం.

"గడ్డి సావదు," అంది అత్తమ్మ, నేలను కర్రతో గీకుతూ. "గడ్డి వేరు లోపల బతికే ఉంటది. ఒక్క వానకు లేస్తది. చెట్టుపిల్ల గట్ల కాదు, ఒక్క సెగకే మాడుతది. ఏడాదికోసారి కాలితె ఇగ చెట్టెప్పుడు పెద్దగైతది? చెట్టు లేని కాడ గడ్డి ఎక్కువైతది. గడ్డి ఎక్కువైతె మంట ఎక్కువైతది."

ఆమె పొలం చేసిన మనిషి. ఇదంతా ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు, కానీ ఇది తన పొలం కాదు కదా అని అటు చూడలేదు. మాలో ఎవరం చూశాం? గుట్ట మాకు కిటికీలోంచి కనిపించే రంగు. దాని మీద ఎవరెవరు కాపురముంటున్నారో అడగలేదు. కాలినప్పుడు పాములు మా బాత్రూముల్లోకి వస్తే చీపుళ్లు పట్టుకుని అరిచాం గానీ, వాటి ఇల్లు కాలిందని అనుకోలేదు.

బండ మీద కూర్చుని ఆమె చాలాసేపు కాలనీ వైపు చూసింది. తర్వాత, "నేనే కాలవెట్టిన్నా?" అని అడిగింది.

నేను పోయి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నాను. పెళ్లయి వచ్చాక ఆమె చేయి అలా పట్టుకోవడం అదే మొదటిసారి. ఆమె విడిపించుకోలేదు. ఆ పక్క మోడు మొదట్లో ఆవగింజంత చిగురు ఉంటే అదే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు ఆ మోడు చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి వచ్చింది.

తొలి వానకు మా వీధిలో నల్లటి నీళ్లు పారాయి. బూడిదతో పాటు గుట్ట మీది మన్నంతా దిగి మోరీల్లో పేరుకుంది. పట్టుకునే వేర్లు లేకపోతే మన్ను ఎందుకాగుతుంది? అందరం తట్టలతో మన్ను ఎత్తిపోస్తుంటే అత్తమ్మ గేటు ముందు నిలబడి, "ఎత్తుండ్రి, మనం కాలవెట్టిందే గిది," అని పెద్దగా చెప్పింది. అప్పటికి కాలనీ అంతా విన్నది, సగం మంది నమ్మారు. మిగతా సగం మంది కాముణ్ణి తప్పు పట్టినందుకు నా మీద గుర్రుగా ఉన్నారు.

చలి మొదలయ్యాక మరిది ఫోన్ చేసి, ఫ్లాటులో ఒక గది ఖాళీ చేసి పెట్టానన్నాడు. అత్తమ్మ ఒప్పందం పెట్టింది. "ఈ ఒక్క హోలీ సూడు. గుట్ట అంటుకుంటె నీతోని అస్త. నోరు మూస్కొని లిఫ్టెక్కుత." ఆమె మాటంటే మాటే. అందుకే నాకు గుబులు పట్టుకుంది.

కాముణ్ణి మానేయడం కుదరదు. మా దగ్గర మిగిలిన ఊరు అదొక్కటే. ఫాల్గుణం రాగానే కాలనీ ఆడవాళ్లంతా మా ఇంటి ముందు చేరారు. మళ్లీ చౌరస్తాకే తేవాలని, మట్టి పరిచి, ఇనుప రేకు వేసి దాని మీద చిన్న కుప్ప కాల్చాలని, ఆ పూటకు కార్లు తీసేయాలని ఒప్పుకున్నారు. కేబుల్ వైర్లను కట్టి పైకి లేపించే పని అధ్యక్షుడిది. నిప్పులు తీసుకున్నాక మిగిలిన కుప్ప సంగతే తెగలేదు. గాలికి ఒక్క కణిక లేచినా గుట్ట ఎంత దూరం? నీళ్లు పోద్దామని నేనన్నాను. ఒక పెద్దావిడ చెంపలేసుకుంది.

"కాముని మీద నీళ్లు పోస్తరా? ఎన్నడన్న ఇన్నమా?"

"నీళ్లు పోయద్దు," అంది అత్తమ్మ. కాస్త ఊపిరి తీసుకుని, "సాక పోద్దం," అంది.

పోచమ్మకు, ఎల్లమ్మకు పసుపు, వేపాకు, బెల్లం కలిపిన నీళ్లు పోసి చల్లబరుస్తాం, అది సాక. దేవత శాంతించాలని పోస్తాం. కాముడికి సాకేంది, ఎక్కడన్నా ఉందా అని ఆ పెద్దావిడ మళ్లీ అడిగింది.

"కాలినోనికి సల్లగ పొయ్యకుంటె ఇంకెవలికి పోస్తరు?" అంది అత్తమ్మ.

ఎదురింటావిడ ముందుగా, "అయితే నేను రెండు బిందెలు తెస్తానండీ," అంది. దాంతో అందరూ బిందెల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇంకో పని కూడా చేశాం. గుట్ట చూసుకునే ఫారెస్టాయన్ని అడిగితే, కాలనీ వైపు ఎండుగడ్డి కోసుకోండి, చెట్ల జోలికి మాత్రం పోవద్దన్నాడు. గుట్ట మొదలు పొడవునా మూడు నిలువుల వెడల్పున గడ్డి కోసి నేల కనబడేట్టు చేశాం. కోసిందంతా మేకలాయన మోసుకుపోయాడు. పోతూ పోతూ అత్తమ్మతో, "గిప్పుడు నేను దొంగనేనా అవ్వా?" అని అడిగాడు. "నడువ్ నడువ్, రేపు గూడ రా," అంది ఆమె.

ఆ ఏడు కాముడు చౌరస్తాలో చిన్నగా కాలాడు. తెల్లారి అందరూ నిప్పు తీసుకున్నాక, ఒక్కొక్కరూ బిందె తెచ్చి వేపకొమ్మ ముంచి సాక పోశారు. ముందు భక్తిగా చెంబులతో, తర్వాత నేనందుకుని బకెట్లతో. బూడిద బుసబుసమని పొంగింది. అత్తమ్మ అందరినీ జరగమని, వంగి, మోచేతి దాకా చెయ్యి బూడిదలో పెట్టి అడుగు వరకు కలియబెట్టి చూసింది. "సల్లగున్నది," అంది. మధ్యాహ్నం గాలి లేచినప్పుడు కాలనీ అంతా మిద్దెలెక్కి గుట్టనే చూశాం. టస్సర్ రంగు టస్సర్ రంగుగానే ఉంది. మర్నాడూ అలాగే ఉంది. నాకు గుట్టను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం షాపులో ఉండగా ఎదురింటావిడ ఫోన్ చేసింది. "వదినగారూ, గుట్ట వెనక పొగండీ. అటువైపు చెత్తకు ఎవరో అంటించినట్టున్నారు." కత్తెర గుడ్డలో ఉండగానే వదిలేశాను. కొనడానికి వచ్చినావిడ, "నా లైనింగ్?" అంటే రేపు రమ్మన్నాను. మెట్రోలో ఎల్బీనగర్ వరకు నిలబడే వచ్చాను. షేర్ ఆటోలో కూర్చున్నాక దూరంగా పొగ కనబడింది. ఒప్పందం గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. ఇంత చేసినా ఎవడో చెత్త కాల్చుకున్నందుకు ఆమె నాగోల్ పోవాలా అని ఆటోలో అందరి ముందూ పైకే అన్నాను. పక్కనావిడ పరేషానై కొంచెం జరిగి కూర్చుంది.

వీధిలోకి వచ్చేసరికి మగవాళ్లూ ఆడవాళ్లూ గుట్ట మొదట్లో వరసగా ఉన్నారు. పచ్చి కానుగ కొమ్మలు, తడిపిన గోనె సంచులు చేతుల్లో. శిఖరం మీదుగా దిగిన మంట మేం గడ్డి కోసిన పట్టీ దాకా వచ్చి, తినడానికి ఏమీ లేక చిన్నదైపోయింది. ఎక్కడ నిప్పురవ్వ ఇటు పడినా కొమ్మలతో కొట్టేస్తున్నారు. మేకలాయన కూడా కొడుతున్నాడు. గుట్టలో ఒక ముక్క నల్లబడింది, మిగతాదంతా నిలిచింది. అత్తమ్మ రాళ్లు పెట్టి వచ్చిన వైపు నిలిచిన దాంట్లోనే ఉంది.

అత్తమ్మ మా మిద్దె మీద ఉంది. ముక్కుకు తడి తువ్వాల కట్టుకుని, "ఎడమ దిక్కు, ఎడమ దిక్కు సూడుండ్రి!" అని కేకలేస్తోంది. పైకి పరుగెత్తాను. ఛాతీలో పిల్లికూతలున్నాయి గానీ పెదాల రంగు మారలేదు. పంపు పీల్చి గోడకు ఆనుకుంది. పొగ మా మీదికి దిగకుండానే పలచబడుతోంది.

మా ఆయన చెప్పాడేమో, మరిది ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టాను.

"అమ్మా, అంటుకుందంట గదా. ఒప్పందం ఒప్పందమే. కారు తీస్కొని వస్తున్న."

"రా," అంది అత్తమ్మ. ఆమె ఊపిరి తీసుకుని, "అచ్చేటప్పుడు గోనె సంచులు తే. ఈడ కొట్టనీకి సాల్తలేవు," అంది.

"అమ్మా, పరాచికాలొద్దు. ఇగ ఏటా ఎవడో ఒకడు అంటిస్తనే ఉంటడు. నీకేమన్న అయితే?"

"అంటిస్తరు. మేం ఆర్పుతం. పొగ నా దాక రాలేదు, అచ్చి సూడు. వస్తే చెప్త, అప్పుడు తీస్కపో." పంపును నడుముకు దోపుకుంది. "నేనున్నన్ని దినాలు సాక నేను పోస్త. నేను పోయినంక నీ వదిన పోస్తది. దాని నోటికి భయపడి అయినా ఎవ్వలు గుట్టకు అగ్గి వెట్టరు."

పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను వంటకు పనికిరావంది, పూజకు పనికిరావంది. కాముణ్ణి నా చేతుల్లో పెడుతుందని ఏనాడూ అనుకోలేదు. నాకు కళ్లు నిండి గుట్ట కనబడలేదు. మరిది సాయంత్రం వచ్చాడు, డిక్కీ నిండా గోనె సంచులు తెచ్చాడు. తల్లి ఛాతీకి చెవి ఆనించి విని, చాయ్ తాగి, ఒక్కడే నాగోల్ పోయాడు.